ది అవుట్‌సైడర్స్ (నవల)

ది అవుట్‌సైడర్స్ అమెరికా రచయిత్రి ఎస్.ఇ. హింటన్ రచించిన ఆంగ్ల నవల. దీనిని 1967 ఏప్రిల్ 24న వైకింగ్ ప్రెస్ సంస్థ ప్రచురించింది. ఒకే నగరంలో నివసిస్తూ, ఒకే ఉన్నత పాఠశాలలో చదువుకొనే సంపన్న, పేద కుర్రవాళ్ళ మధ్య నెలకొన్న వర్గద్వేషం, ముఠా తగాదాలు ఈ నవలకు ఇతివృత్తం. రచయిత్రి దీనిని పదిహేనేళ్ళ వయసులో మొదలుపెట్టి, ఉన్నత పాఠశాలలో ఉండగానే పూర్తిచేసింది. పుస్తకం వెలువడేనాటికి ఆమె వయసు 18 సంవత్సరాలు. కౌమార వయస్కుల కొరకు వ్రాయబడే ఆధునిక సాహిత్యానికి బాట వేసిన గ్రంథాలలో ఇది ముఖ్యమైనదిగా పరిగణించబడుతున్నది. ఇప్పటివరకు కోటికి పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. అమెరికాలోని అనేక పాఠశాలలలో ఇది పాఠ్యగ్రంథంగా బోధించబడుతున్నది.

ముఖ్య వివరాలు

రచయిత్రి: ఎస్.ఇ. హింటన్
దేశం: అమెరికా సంయుక్త రాష్ట్రాలు
భాష: ఆంగ్లం
ప్రచురణకర్త: వైకింగ్ ప్రెస్
ప్రచురణ తేదీ: 1967 ఏప్రిల్ 24
కథాకాలం: 1960వ దశకం మధ్యభాగం
ఇతర రూపాలు: సినిమా (1983), టెలివిజన్ ధారావాహిక (1990), సంగీత నాటకం (2023, 2024)

పేరు, వర్గాల పేర్లు

"అవుట్‌సైడర్స్" అనగా బయటివారు, సమాజం తనలో కలుపుకోక వెలిగా ఉంచినవారు అని అర్థం. నవలలో రెండు వర్గాలు ఉన్నాయి. నగరపు తూర్పు భాగంలో నివసించే పేద కుర్రవాళ్ళను "గ్రీజర్లు" అంటారు. పొడవుగా పెంచిన జుట్టుకు నూనె దట్టంగా పట్టించి దువ్వుకోవడం వలన వారికి ఈ పేరు వచ్చింది. జీన్సు ప్యాంట్లు, తోలు కోట్లు వారి వేషం. గ్రీజర్లు హింటన్ కల్పించిన వర్గం కాదు. 1950, 60 దశకాలలో అమెరికా అంతటా శ్రామిక కుటుంబాలకు చెందిన యువకులలో ఈ వేషధారణ, ఈ పేరు వాడుకలో ఉండేవి.

పడమటి భాగంలో నివసించే సంపన్న కుటుంబాల పిల్లలను "సోషెస్" అంటారు. "సోషల్" అనే మాట నుండి వచ్చిన ఈ పదం పెద్దింటి విందులలో, క్లబ్బులలో తిరిగేవారిని సూచిస్తుంది. తెలుగులో "సోష్‌లు" అని వ్రాయవచ్చును. మస్టాంగ్ కార్లు, చక్కగా కత్తిరించిన జుట్టు, ఖరీదైన దుస్తులు వీరి గుర్తులు.

రచయిత్రి, నేపథ్యం

హింటన్ పూర్తి పేరు సుసాన్ ఎలోయిస్ హింటన్. ఆమె 1948 జూలై 22న ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా నగరంలో జన్మించింది. ఇరవయ్యవ శతాబ్దపు ఆరంభంలో చుట్టుపక్కల చమురు నిక్షేపాలు బయటపడడంతో టల్సా వేగంగా పెరిగి, "ప్రపంచ చమురు రాజధాని" అని పేరు పొందింది. చమురు వ్యాపారంతో ధనవంతులైనవారి భవనాలు ఒకవైపు, కార్మికుల చిన్న ఇళ్ళు మరొకవైపు ఉండేవి. నవలలో నగరం పేరు ఎక్కడా చెప్పబడలేదు. అయినను వర్ణనలన్నీ టల్సాకు సంబంధించినవే.

హింటన్ చదివిన విల్ రోజర్స్ ఉన్నత పాఠశాలలో విద్యార్థులు తమ తమ వర్గాలుగా విడిపోయి, ఒకరితో ఒకరు కలిసేవారు కాదు. ఆమె స్నేహితుడొకడు, కేవలం గ్రీజర్ అన్న కారణంతో, ఇంటికి నడిచి వెళుతుండగా దెబ్బలు తిన్నాడనీ, ఆ కోపంతోనే తాను వ్రాయడం మొదలుపెట్టాననీ హింటన్ తరువాతి కాలంలో చెప్పింది. నవల మొదటి అధ్యాయంలో జరిగే దాడికి ఆ సంఘటనయే మూలం. ఆ కాలంలో యువతుల కొరకు ప్రచురించబడిన పుస్తకాలు ఎక్కువగా పాఠశాల నృత్యోత్సవాలు, ప్రేమ వ్యవహారాల చుట్టూ తిరిగేవి. తాను కళ్ళారా చూస్తున్న జీవితం ఏ పుస్తకంలోనూ కనిపించకపోవడం కూడా ఆమెను రచనకు పురికొల్పింది. అదే సమయంలో ఆమె తండ్రి మెదడులో కంతితో బాధపడుతూ మరణించాడు.

రచయిత ఆడపిల్ల అని తెలిస్తే మగవారైన సమీక్షకులు ముఠా తగాదాల కథను తేలికగా తీసుకుంటారని ప్రచురణకర్తలు భావించారు. అందువలన పూర్తి పేరుకు బదులు "ఎస్.ఇ." అనే పొడి అక్షరాలతో పుస్తకం వెలువడింది. నవల వ్రాస్తున్న సంవత్సరంలోనే పాఠశాలలో రచనాభ్యాసం తరగతిలో ఆమెకు తక్కువ శ్రేణి వచ్చిందన్నది ఆమె స్వయంగా చెప్పిన విశేషం.

నవల వ్రాయబడిన కాలం కూడా గమనించదగినది. 1964 జనవరిలో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ "పేదరికంపై యుద్ధం" ప్రకటించాడు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అమెరికా సంపద బాగా పెరిగినా, ఆ సంపద అందని కుటుంబాలు ప్రతి నగరంలోనూ ఉన్నాయన్న విషయం అప్పుడప్పుడే బహిరంగ చర్చకు వచ్చింది.

ముఖ్య పాత్రలు

పోనీబాయ్ కర్టిస్: కథ చెప్పేవాడు. 14 ఏళ్ళ వయసు. పుస్తకాలు, సినిమాలు, సూర్యాస్తమయాలు ఇష్టపడే గ్రీజర్. చదువులో చురుకైనవాడు కావడంతో సోష్‌లు ఎక్కువగా ఉండే తరగతులలో కూర్చుంటాడు.

డారెల్ (డారీ) కర్టిస్: పెద్దన్న. 20 ఏళ్ళవాడు. ఆటలలో, చదువులో ప్రతిభ ఉండీ డబ్బు లేక కళాశాలకు వెళ్ళలేకపోయాడు. ఇళ్ళ పైకప్పులు వేసే పని చేస్తూ తమ్ముళ్ళను పోషిస్తాడు.

సోడాపాప్ కర్టిస్: రెండవ అన్న. చదువు మానివేసి పెట్రోలు బంకులో పనిచేస్తాడు. మిగిలిన ఇద్దరి మధ్య నలిగిపోయేవాడు ఇతడే.

జానీ కేడ్: 16 ఏళ్ళవాడు. తల్లిదండ్రుల చేత దెబ్బలు, నిర్లక్ష్యం తప్ప మరేమీ ఎరుగనివాడు. ముఠాయే అతని కుటుంబం.

డాలస్ (డాలీ) విన్‌స్టన్: న్యూయార్క్ వీధులలో పెరిగి, పదేళ్ళ వయసులోనే పోలీసులకు చిక్కినవాడు. కరుడుకట్టినవాడైనా జానీ అంటే ప్రాణం.

టూ-బిట్ మాథ్యూస్, స్టీవ్ రాండిల్: ముఠాలోని ఇతర సభ్యులు.

చెర్రీ వాలెన్స్: సోష్ వర్గానికి చెందిన యువతి. రెండు వర్గాల మధ్య వంతెనలా నిలువ ప్రయత్నిస్తుంది.

బాబ్ షెల్డన్: చెర్రీ స్నేహితుడు. చేతి నిండా ఉంగరాలు ధరించే సోష్ నాయకుడు.

రాండీ ఆడర్సన్: బాబ్ ప్రాణమిత్రుడు. కొట్లాటల వ్యర్థతను గ్రహించిన సోష్.

కథా సంగ్రహం

పోనీబాయ్ తల్లిదండ్రులు కథారంభానికి ఎనిమిది నెలల ముందు కారు ప్రమాదంలో మరణించారు. అన్నదమ్ములు ముగ్గురూ కలిసి ఉండడానికి అధికారులు అంగీకరించారు గానీ, ఏ చిన్న తప్పు జరిగినా తమ్ముళ్ళిద్దరినీ అనాథ బాలుర వసతిగృహానికి పంపివేస్తారన్న భయం ఆ ఇంటిని వెంటాడుతూ ఉంటుంది. ఒకనాడు సినిమా చూసి ఒంటరిగా ఇంటికి వస్తున్న పోనీబాయ్‌ను కారులో వచ్చిన సోష్‌లు చుట్టుముట్టి కొడతారు. అన్నలు, ముఠావారు వచ్చి అతనిని కాపాడతారు.

మరునాటి రాత్రి పోనీబాయ్, జానీ, డాలీ ఆరుబయట తెరపై ప్రదర్శించే సినిమాకు వెళతారు. అక్కడ డాలీ చెర్రీతోను, ఆమె స్నేహితురాలు మార్షియాతోను అసభ్యంగా మాట్లాడగా, ఎన్నడూ నోరెత్తని జానీ అతనిని వారిస్తాడు. ఆ విధంగా చెర్రీకి, పోనీబాయ్‌కి మధ్య స్నేహం ఏర్పడుతుంది. ఇంటికి నడిచి వెళుతుండగా బాబ్, రాండీ నీలి రంగు మస్టాంగ్ కారులో ఎదురవుతారు. గొడవ జరగకుండా ఉండేందుకు అమ్మాయిలిద్దరూ కారు ఎక్కి వెళ్ళిపోతారు.

ఆ రాత్రి పోనీబాయ్ ఆలస్యంగా ఇల్లు చేరినందుకు డారీ కోపం పట్టలేక చెంపదెబ్బ కొడతాడు. పోనీబాయ్ ఇల్లు విడిచి, జానీతో కలిసి దగ్గరలోని పార్కుకు వెళతాడు. మద్యం మత్తులో ఉన్న ఐదుగురు సోష్‌లు అక్కడికి వచ్చి, పోనీబాయ్ తలను ఫౌంటెన్ నీటిలో ముంచి ఊపిరాడకుండా చేస్తారు. స్నేహితుడు చనిపోతాడన్న భయంతో జానీ తన చాకుతో బాబ్‌ను పొడుస్తాడు. బాబ్ మరణిస్తాడు. కొంతకాలం క్రితం ఇదే బాబ్ చేతి ఉంగరాల దెబ్బలకు జానీ ముఖంపై మచ్చ పడింది. ఆనాటి నుండి భయంతోనే అతడు చాకును దగ్గర ఉంచుకొని తిరుగుతున్నాడు.

డాలీ ఇచ్చిన డబ్బు, తుపాకీ తీసుకుని ఇద్దరూ గూడ్సు రైలెక్కి విండ్రిక్స్‌విల్ అనే ఊరి వద్ద కొండ మీద ఉన్న పాడుబడిన చర్చిలో దాక్కుంటారు. గుర్తు పట్టకుండా జుట్టు కత్తిరించుకుంటారు. గ్రీజర్‌కు జుట్టే గర్వకారణం గనుక ఇది వారికి చాలా బాధ కలిగిస్తుంది. మార్గరెట్ మిచెల్ నవల "గాన్ విత్ ద విండ్" చదువుకుంటూ కాలం గడుపుతారు. ఒక ఉదయం సూర్యోదయం చూస్తూ పోనీబాయ్ రాబర్ట్ ఫ్రాస్ట్ కవిత "నథింగ్ గోల్డ్ కెన్ స్టే"ను జానీకి వినిపిస్తాడు.

కొన్ని రోజుల తరువాత డాలీ వచ్చి, సోష్‌లే మొదట దాడి చేశారని చెర్రీ సాక్ష్యం చెప్పడానికి సిద్ధపడిందని తెలుపుతాడు. జానీ లొంగిపోవడానికి నిశ్చయించుకుంటాడు. అంతలో చర్చికి నిప్పు అంటుకుంటుంది. లోపల చిక్కుకున్న చిన్నపిల్లలను పోనీబాయ్, జానీ కాపాడతారు. కాలుతున్న దూలం మీద పడి జానీ వెన్నెముక విరుగుతుంది. మరునాడు పత్రికలు వారిని వీరులని పొగుడుతాయి.

ఆ తరువాత రెండు వర్గాల మధ్య ఆయుధాలు లేకుండా పెద్ద కొట్లాట జరుగుతుంది. గ్రీజర్లు గెలుస్తారు. ఆ వార్త చెప్పడానికి డాలీ, పోనీబాయ్ ఆసుపత్రికి పరుగెత్తుతారు. జానీ దృష్టిలో ఆ గెలుపుకు విలువ లేదు. అతడు వారి కళ్ళ ఎదుటే మరణిస్తాడు. ఆ దుఃఖం భరించలేని డాలీ ఒక దుకాణాన్ని దోచి, గుండ్లు లేని తుపాకీని పోలీసులకు గురిపెట్టి, వారి కాల్పులలో చనిపోతాడు.

పోనీబాయ్ జబ్బుపడతాడు. విచారణలో న్యాయమూర్తి హత్య గురించి ఎక్కువగా అడగక, అతని ఇల్లు, చదువు గురించి ప్రశ్నించి, అన్నల వద్దనే ఉండడానికి అనుమతిస్తాడు. అయినా అతని మనసు కుదుటపడదు. చదువు దెబ్బతింటుంది. ఆంగ్ల ఉపాధ్యాయుడు ఒక మంచి వ్యాసం వ్రాస్తే ఉత్తీర్ణుడిని చేస్తానంటాడు. చివరకు జానీ పుస్తకంలో దాచి ఉంచిన ఉత్తరం చదివిన పోనీబాయ్, తనవంటి పిల్లల కథను లోకానికి చెప్పాలని నిశ్చయించుకుని వ్రాయడం ప్రారంభిస్తాడు. అతడు వ్రాసిన వ్యాసమే ఈ నవల. అందుకే నవల మొదటి వాక్యం, చివరి వాక్యం ఒక్కటే.

ఇతివృత్త పరిశీలన

వర్గ చిహ్నాలు: ఈ నవలలో ధనిక, పేద తేడా జీతాల లెక్కలలో గాక, కంటికి కనిపించే వస్తువులలో చూపబడింది. జుట్టు, కారు, చొక్కా, ఉంగరం చూసి ఎదుటివాడు ఎవరో నిర్ణయిస్తారు. పోనీబాయ్ జీవశాస్త్రం తరగతిలో వానపామును కోయడానికి జేబులోని చాకు తీయగా, పక్కనున్న అమ్మాయి అతడు రౌడీ అని జనం అనే మాట నిజమేనని అనుకుంటుంది. మంచి మార్కులు అతనిని సోష్‌ల తరగతిలో కూర్చోబెట్టగలిగాయి గానీ, వారిలో ఒకనిగా చేయలేకపోయాయి.

మద్రాసు చొక్కా: సోష్‌లు ధరించే దుస్తులలో "మద్రాస్" గళ్ళ చొక్కా ఒకటి. మొదటి అధ్యాయంలో పోనీబాయ్‌పై దాడి చేసినవారిలో ఒకడు ఈ చొక్కాలోనే ఉంటాడు. మద్రాసు రేవు పేరుతో ప్రసిద్ధమైన ఈ గళ్ళ నూలు వస్త్రం దక్షిణ భారతదేశంలోని చేనేత మగ్గాలపై తయారై ఎగుమతి అయ్యేది. ఆంధ్రప్రదేశ్‌లోని చీరాల ప్రాంతం కూడా ఎగుమతి కొరకు ఇటువంటి రుమాళ్ళను నేయడంలో పేరు పొందినది. మన దేశంలో పేద నేతగాని మగ్గం మీద పుట్టిన గుడ్డ 1960 దశకంలో అమెరికా సంపన్న విద్యార్థుల హోదాకు గుర్తు కావడం గమనించదగిన విశేషం. వస్తువులో హోదా లేదనీ, దానిని ఎవరు ధరిస్తారన్న దానిలోనే ఉన్నదనీ దీని వలన తెలుస్తుంది.

తప్పు ఒకటే, పేర్లు వేరు: సోష్‌లు తాగి, దారినపోయేవారిని కొట్టినా అది కుర్రతనం అనిపించుకుంటుంది. గ్రీజర్లు అదే పని చేస్తే నేరం అవుతుంది. సోష్‌లను ఒకరోజు నిందించి మరునాడు సమాజానికి ఆభరణాలని మెచ్చుకునే పత్రికల తీరును పోనీబాయ్ ఎత్తిచూపుతాడు. కర్టిస్ సోదరులకు అధికారుల భయం ఎల్లవేళలా ఉంటుంది. బాబ్ వర్గానికి అటువంటి భయం తెలియదు. పేద పిల్లలకు తప్పు చేసి దిద్దుకునే అవకాశం తక్కువ అన్నదే ఈ నవలలోని బలమైన ఆరోపణ.

రెండు రకాల నిర్లక్ష్యం: జానీని తల్లిదండ్రులు కొడతారు, లేదా పట్టించుకోరు. బాబ్ తల్లిదండ్రులు అతడు ఏమి చేసినా కాదనలేదు. ఎవరైనా ఒక్కసారి తనను గట్టిగా ఆపితే బాగుండునని బాబ్ కోరుకున్నాడనీ, అది జరగలేదనీ రాండీ చెబుతాడు. చంపినవాడు, చనిపోయినవాడు ఇద్దరూ పెద్దల ఆలన లేని పిల్లలే అని నవల సూచిస్తుంది.

ఒకే సూర్యాస్తమయం: రెండు వర్గాల మధ్య తేడా కేవలం డబ్బు కాదని చెర్రీ అభిప్రాయం. గ్రీజర్లు ప్రతిదానికీ ఉద్రేకపడతారనీ, సోష్‌లు ఏమీ పట్టనట్లు నటించి చివరకు ఏమీ అనుభవించలేని స్థితికి వస్తారనీ ఆమె అంటుంది. ఆమె తన ఇంటి వసారా నుండి, పోనీబాయ్ తన పెరటి మెట్ల నుండి చూసేది ఒకే సూర్యాస్తమయం అన్న గ్రహింపు నవలకు కీలకం. అయితే రచయిత్రి ఈ స్నేహాన్ని సులభమైనదిగా చూపలేదు. తాను బడిలో పలకరించకపోయినా తప్పుగా అనుకోవద్దని చెర్రీ ముందే చెబుతుంది. బాబ్‌ను చంపిన జానీని ఆసుపత్రిలో చూడడానికి కూడా ఆమె వెళ్ళలేకపోతుంది.

గెలుపు నిష్ఫలత: కొట్లాటలో ఎవరు గెలిచినా గ్రీజర్లు ఉన్నచోటనే ఉంటారు, సోష్‌లు పైనే ఉంటారు అని రాండీ ముందుగానే చెబుతాడు. కథ అతని మాటనే నిజం చేస్తుంది. గెలిచిన రాత్రే గ్రీజర్లు ఇద్దరు స్నేహితులను కోల్పోతారు.

సామాజిక శాస్త్ర దృష్టిలో

నవలలో చిత్రించబడిన పరిస్థితిని సామాజిక శాస్త్రవేత్తలు కూడా అధ్యయనం చేశారు. ఆగస్ట్ హోలింగ్స్‌హెడ్ 1949లో ప్రచురించిన "ఎల్మ్‌టౌన్స్ యూత్" అనే గ్రంథంలో, అమెరికా మధ్య పశ్చిమ ప్రాంతపు ఒక చిన్న పట్టణంలో విద్యార్థుల స్నేహాలు, చదువు కొనసాగింపు, ఉపాధ్యాయుల ఆదరణ వారి కుటుంబ వర్గాన్ని బట్టి ఎలా మారుతాయో వివరించాడు. పెనెలోప్ ఎకెర్ట్ 1989లో వెలువరించిన "జాక్స్ అండ్ బర్నౌట్స్" అనే గ్రంథం డెట్రాయిట్ శివార్లలోని ఉన్నత పాఠశాలకు సంబంధించినది. అక్కడి విద్యార్థులలోని రెండు ప్రధాన బృందాలు మధ్యతరగతి, శ్రామిక వర్గాల తేడాను ప్రతిబింబిస్తున్నాయని ఆమె చూపింది. పిల్లలు బృందాలుగా చీలడం వారి స్వంత ఇష్టంలా కనిపించినా, దాని వెనుక పెద్దల లోకపు వర్గ విభజన పనిచేస్తూ ఉంటుంది.

హింటన్ స్వరాష్ట్రమైన ఓక్లహోమాలోనే 1954లో ముజఫర్ షెరీఫ్ నిర్వహించిన "రాబర్స్ కేవ్" ప్రయోగం ఈ సందర్భంలో పేర్కొనదగినది. సుమారు పదకొండేళ్ళ వయసున్న 22 మంది బాలురను వేసవి శిబిరంలో రెండు జట్లుగా విభజించి పోటీలు పెట్టగా, కొద్ది రోజులలోనే వారు పరస్పరం తిట్టుకొని, జెండాలు తగులబెట్టుకునే స్థితికి వచ్చారు. ఆ బాలురందరూ ఒకే విధమైన మధ్యతరగతి కుటుంబాలవారు. వర్గభేదం లేనిచోట కూడా జట్టు పోటీ ద్వేషాన్ని పుట్టించగలదని ఈ ప్రయోగం సూచించింది. ఊరికే ఒకచోట చేర్చినంత మాత్రాన ద్వేషం తగ్గలేదు. నీటి సరఫరా ఆగిపోవడం వంటి ఉమ్మడి సమస్యను అందరూ కలిసి పరిష్కరించవలసి వచ్చినపుడు మాత్రమే తగ్గింది. నవలలో చర్చి అగ్నిప్రమాదం తరువాత రాండీ పోనీబాయ్‌ని వర్గం పేరుతో గాక మనిషిగా చూడడం మొదలుపెట్టడాన్ని ఈ వెలుగులో అర్థం చేసుకోవచ్చును. కానీ శిబిరపు బాలుర మధ్య లేని ఆస్తి, చట్టం, అవకాశాల తేడా గ్రీజర్లు, సోష్‌ల మధ్య ఉన్నది. కనుక ఒక్క మంచి సంఘటనతో ఆ వైరం సమసిపోలేదు.

ఆదరణ, విమర్శ

పుస్తకం వెలువడిన సంవత్సరంలోనే హింటన్ న్యూయార్క్ టైమ్స్ పుస్తక సమీక్షల విభాగంలో ఒక వ్యాసం వ్రాసింది. కౌమార వయస్కుల కొరకు వచ్చే పుస్తకాలు వారి నిజజీవితానికి దూరంగా ఉన్నాయని అందులో వాదించింది. ఈ వయసు పాఠకులకు చేసిన సేవకు గాను అమెరికా గ్రంథాలయ వర్గాలు ఇచ్చే మార్గరెట్ ఎ. ఎడ్వర్డ్స్ పురస్కారాన్ని 1988లో మొట్టమొదటగా అందుకున్నది ఈమెయే.

మరోవైపు, ముఠా హింస, పొగత్రాగడం, మద్యపానం, మొరటు భాష, చెదిరిన కుటుంబాల చిత్రణ కారణంగా ఈ నవలను పాఠశాలల నుండి తొలగించాలని అమెరికాలో పలుచోట్ల ఫిర్యాదులు వచ్చాయి. 1990 నుండి 1999 వరకు అత్యధికంగా అభ్యంతరాలు ఎదుర్కొన్న వంద పుస్తకాల జాబితాలో అమెరికా గ్రంథాలయ సంఘం దీనిని చేర్చింది.

సాహిత్యపరమైన విమర్శలు కూడా ఉన్నాయి. గ్రీజర్లను అతిగా ఆదర్శవంతులుగా చూపడం, యాదృచ్ఛిక సంఘటనలపై కథ ఆధారపడడం, భావోద్వేగాలు మితిమీరడం లోపాలుగా పేర్కొనబడ్డాయి. కథ చెప్పేవాడు గ్రీజరే కావడం వలన సోష్‌ల జీవితం చెర్రీ, రాండీల మాటల ద్వారా మాత్రమే తెలుస్తుంది. ముఖ్య పాత్రలందరూ శ్వేతజాతీయులే. 1921లో నల్లజాతీయుల గ్రీన్‌వుడ్ ప్రాంతంపై భయంకరమైన దాడి జరిగిన నగరం టల్సా. అయినప్పటికీ నవలలో జాతి వివక్ష ప్రస్తావన లేదు. ధనిక, పేద భేదాన్ని మాత్రమే తీసుకోవడం నవలకు స్పష్టతను ఇచ్చింది, అదే సమయంలో దాని పరిధిని కుదించింది.

సినిమా, ఇతర రూపాలు

కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో సమీపాన గల లోన్ స్టార్ పాఠశాల విద్యార్థులు, తమ గ్రంథపాలకురాలి ప్రోత్సాహంతో, ఈ నవలను సినిమాగా తీయమని కోరుతూ సంతకాలు చేసి దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలాకు పంపారు. దాని ఫలితంగా ఆయన టల్సాలోనే చిత్రీకరణ జరిపి 1983 మార్చిలో సినిమా విడుదల చేశాడు. సి. థామస్ హోవెల్ (పోనీబాయ్), రాల్ఫ్ మాకియో (జానీ), మాట్ డిలన్ (డాలీ), పాట్రిక్ స్వేజ్ (డారీ), రాబ్ లో (సోడాపాప్), ఎమీలియో ఎస్టెవెజ్ (టూ-బిట్), టామ్ క్రూజ్ (స్టీవ్), డయాన్ లేన్ (చెర్రీ) నటించారు. వీరిలో పలువురు తరువాతి కాలంలో ప్రసిద్ధ తారలయ్యారు. హింటన్ నర్సుగా చిన్న పాత్రలో కనిపిస్తుంది. నిజమైన ఈర్ష్య కలగడం కొరకు సోష్ పాత్రధారులకు మెరుగైన బస, ఇతర సౌకర్యాలు కల్పించి, గ్రీజర్ పాత్రధారులను తక్కువ సౌకర్యాలతో ఉంచారని నటులు చెప్పారు. 2005లో నవలకు మరింత దగ్గరగా ఉండేలా అదనపు సన్నివేశాలు చేర్చిన కూర్పు వెలువడింది.

1990లో ఫాక్స్ ఛానల్ ప్రసారం చేసిన టెలివిజన్ ధారావాహిక ఒక విడతతోనే ముగిసింది. 2023లో కాలిఫోర్నియాలోని లా జొల్లా ప్లేహౌస్‌లో మొదలైన సంగీత నాటకం 2024 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోని బ్రాడ్‌వేకు చేరి, అదే సంవత్సరం ఉత్తమ సంగీత నాటకంగా టోనీ పురస్కారం పొందింది. ఇందులో డాలీ పాత్రను నల్లజాతి నటుడు జాషువా బూన్ పోషించాడు.

సినిమాలో కర్టిస్ సోదరుల ఇల్లుగా చూపిన టల్సాలోని ఇంటిని సంగీతకారుడు డానీ బాయ్ ఓ'కానర్ కొనుగోలు చేసి బాగుచేయించాడు. 2019లో అది ప్రదర్శనశాలగా ప్రారంభమైనది.

ఇదే ఇతివృత్తంతో ఇతర రచనలు

సంపన్న, సామాన్య యువకుల పోటీ అనేక సినిమాలకు కథావస్తువు అయినది. అమెరికా చిత్రం "బ్రేకింగ్ అవే" (1979) ఇండియానా రాష్ట్రంలోని బ్లూమింగ్టన్‌లో విశ్వవిద్యాలయ విద్యార్థులకు, రాళ్ళు కొట్టే కార్మికుల పిల్లలకు మధ్య సైకిల్ పందెం చుట్టూ నడుస్తుంది. హిందీలో మన్సూర్ ఖాన్ దర్శకత్వంలో వచ్చిన "జో జీతా వహీ సికందర్" (1992) డెహ్రాడూన్‌లోని కళాశాలల మధ్య ఇటువంటి పోటీనే చూపింది. తెలుగులో పవన్ కళ్యాణ్ కథానాయకుడిగా 1999లో వచ్చిన "తమ్ముడు" ఈ హిందీ చిత్రపు కథను ఆధారం చేసుకున్నది. ఇందులో సైకిల్ పందెం స్థానంలో కిక్‌బాక్సింగ్ పోటీ ఉన్నది. ఇవేవీ "ది అవుట్‌సైడర్స్"కు అనుసరణలు కావు. పైగా ముఖ్యమైన తేడా ఒకటి ఉన్నది. ఈ చిత్రాలలో పేద యువకుడు పోటీలో గెలవడంతో కథ సుఖాంతమవుతుంది. హింటన్ నవలలో గెలుపు వలన ఏమీ మారదు. పోనీబాయ్ తన కథను తానే చెప్పగలగడమే అతనికి దక్కిన ఫలం.

హింటన్ ఇతర నవలలు

దట్ వాజ్ దెన్, దిస్ ఈజ్ నౌ (1971)
రంబుల్ ఫిష్ (1975)
టెక్స్ (1979)
టేమింగ్ ద స్టార్ రన్నర్ (1988)

వీటిలో మొదటి మూడు సినిమాలుగా వచ్చాయి. "రంబుల్ ఫిష్"ను కూడా కొప్పోలాయే 1983లో తెరకెక్కించాడు.

ఇవి కూడా చూడండి

టల్సా
ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా
రాబర్ట్ ఫ్రాస్ట్
చీరాల
తమ్ముడు (సినిమా)